‘ఐ వాంట్ ఇట్ దట్ వే’ మాటలకి పొంతన లేకపోయినా పాట ఎందుకు నిలబడింది?

మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా చెప్తాను. కాలేజీ ఫెస్ట్‌లో నలుగురు కలిసి బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ పాట ‘ఐ వాంట్ ఇట్ దట్ వే’ పాడాలనుకుంటున్నారు. మాటలు కాగితం మీద రాసుకుంటే ఒక లైన్‌కీ ఇంకో లైన్‌కీ సంబంధం కనిపించలేదు. వెతికి చూస్తే అమెరికాలో నంబర్ వన్ కాలేదని, గ్రామీ కూడా రాలేదని తెలిసింది. మరి పాతికేళ్లు దాటినా దీన్ని గొప్ప పాట అని ఎందుకంటున్నారు, మా అక్కావాళ్ల తరం జ్ఞాపకాల వల్లేనా అని అడిగారు.

జ్ఞాపకాల పాత్ర ఉంది, కాదనను. కానీ అసలు కారణం అది కాదు. నేను చాలా ఏళ్లుగా కీబోర్డ్ వాయిస్తూ, పిల్లలకి గ్రూప్ సింగింగ్ నేర్పిస్తూ ఉన్నాను. 1999 తర్వాత పుట్టిన పిల్లలు, ఈ పాటతో ఏ జ్ఞాపకమూ లేనివాళ్లు, మొదటిసారి విని రెండో పల్లవికే గొంతు కలపడం చాలాసార్లు చూశాను. వాళ్లని పట్టుకున్నది ఆ బాణీ, ఆ గొంతుల పంపకం. మీరు చెప్పిన మూడు అభ్యంతరాలకీ జవాబులున్నాయి. మాటల విషయంలో చెప్పాల్సింది ఎక్కువ ఉంది కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

ఈ పాటని పాడినవాళ్లు అమెరికన్లు, పుట్టించినవాళ్లు స్వీడన్ వాళ్లు. స్టాక్‌హోమ్‌లో షైరన్ అని ఒక స్టూడియో ఉండేది. దాన్ని నడిపించినవాడు డెనిజ్ పాప్, అసలు పేరు డాగ్ వోల్లె, వృత్తిరీత్యా డీజే. ఏస్ ఆఫ్ బేస్ అనే స్వీడన్ బృందం పాటలు విన్నారా? ‘ఆల్ దట్ షి వాంట్స్’ లాంటివి ఆయన చేతిలోంచి వచ్చినవే. ఆయన దగ్గర చేరిన కుర్రాడు మార్టిన్ శాండ్‌బర్గ్, అంతకుముందు ఒక మెటల్ బ్యాండ్‌లో గాయకుడు. అతనికి మాక్స్ మార్టిన్ అనే పేరు పెట్టింది డెనిజ్ పాపే. ఇవాళ అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్‌లో నంబర్ వన్ పాటలు రాసినవాళ్ల లెక్క తీస్తే పాల్ మెకార్ట్నీ పక్కన వినిపించే పేరు ఈ మాక్స్ మార్టిన్‌ది. స్వీడన్‌లో పిల్లలకి ఊరూరా ప్రభుత్వ సంగీత పాఠశాలలు ఉండేవి, తన సంగీతానికి పునాది అక్కడే పడిందని ఆయన చెప్పుకున్నాడు. ఒక ప్రభుత్వం పిల్లలకి చవగ్గా వాయిద్యం నేర్పిస్తే ఎంత దూరం వెళ్లొచ్చో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ 1993లో ఫ్లోరిడాలోని ఓర్లాండోలో తయారైన బృందం. ఏజే మెక్‌లీన్, హోవీ డరో, నిక్ కార్టర్, కెవిన్ రిచర్డ్‌సన్, బ్రయాన్ లిట్రెల్. చివరి ఇద్దరూ కెంటకీ రాష్ట్రం నుంచి వచ్చిన కజిన్లు. వీళ్లని ముందు నెత్తిన పెట్టుకున్నది జర్మనీ, మిగతా యూరప్. షైరన్‌లో చేసిన వీళ్ల మొదటి పాట 1995లో అమెరికా చార్టులో 69 దగ్గరే ఆగిపోయింది. సొంత దేశంలో వీళ్లకి అసలు గుర్తింపు 1997లో గానీ రాలేదు.

ఆ తర్వాత 1998 వీళ్లకి కష్టకాలం. మే నెలలో బ్రయాన్‌కి గుండె ఆపరేషన్ జరిగింది. అదే ఏడాది తమ డబ్బు లెక్కలు తేల్చమని సొంత మేనేజర్ లూ పర్ల్‌మన్ మీద కోర్టుకెళ్లారు (ఆ మనిషి తర్వాత వేరే భారీ మోసం కేసులో జైలుకెళ్లి, 2016లో జైల్లోనే చనిపోయాడు). ఆగస్టులో డెనిజ్ పాప్ క్యాన్సర్‌తో పోయాడు, 35 ఏళ్లే. ‘మిలేనియం’ ఆల్బమ్, అందులో మొదటి సింగిల్‌గా (ఆల్బమ్ నుంచి విడిగా విడుదల చేసే పాటగా) వచ్చిన ఈ పాట, ఇన్ని దెబ్బల తర్వాత తయారైనవి. పాటని మాక్స్ మార్టిన్, ఆండ్రియాస్ కార్ల్‌సన్ కలిసి రాశారు. ప్రొడక్షన్ మాక్స్ మార్టిన్‌తో పాటు క్రిస్టియన్ లుండిన్‌ది.

ఇక మాటలు. మన సినిమా పాటల్లో కూడా ఎక్కువగా బాణీ ముందు వస్తుంది, సంగీత దర్శకుడు ఏవో డమ్మీ మాటలతో పాడి ఇస్తాడు, తర్వాత గేయ రచయిత ఆ కొలతకి సాహిత్యం కూర్చుతాడు, అవునా? షైరన్‌లోనూ బాణీదే పెత్తనం. మాక్స్ మార్టిన్ పద్ధతికి ‘మెలోడిక్ మ్యాథ్’ అనే పేరు స్థిరపడిపోయింది. మొదటి లైన్‌లో ఇన్ని అక్షరాలుంటే రెండో లైన్‌లో సరిగ్గా అన్నే ఉండాలి, ఒత్తు పడే చోట ఒత్తే పడాలి. మాట కోసం బాణీని అర అక్షరం కూడా సాగదీయరు. తేడా ఏమిటంటే మన దగ్గర డమ్మీ మాటలు తీసేసి వేటూరి గారో సిరివెన్నెల గారో కూర్చుని అసలు మాటలు రాస్తారు. ఇక్కడ పాడుతూ పాడుతూ నోటికి వచ్చిన, చెవికి నచ్చిన మాటలే చాలావరకు ఉండిపోయాయి. రాసిన ఇద్దరికీ ఇంగ్లీషు మాతృభాష కాదు.

ఒకసారి అర్థం పక్కన పెట్టి శబ్దాల్ని మాత్రమే వినండి. మొదటి చరణం మొదట్లో సాగదీసే చోట ‘ఫైర్’, ‘డిజైర్’ అని ‘ఐ’ శబ్దం వస్తుంది. పల్లవి మొదలయ్యే ‘టెల్ మీ వై’లో కూడా అదే. ఆ తర్వాత ‘హార్టేక్’, ‘మిస్టేక్’, ‘సే’, ‘వే’ అంటూ అంతా ‘ఏ’ మీదికి మారుతుంది. రెండూ నోరు బాగా తెరిచి పాడే శబ్దాలు, పై స్వరంలో కూడా గొంతు నొక్కుకుపోదు, హాల్లో వెనక వరసలో కూర్చున్నవాడు కూడా సులువుగా అందుకుంటాడు. ఇంగ్లీషు సరిగా రాని జర్మన్ అమ్మాయి, బ్రెజిల్ అబ్బాయి, వైజాగ్ కుర్రాడు, అందరూ ఒకేలా పాడగలిగారంటే ఈ అచ్చుల వల్లే. గ్రూప్ సింగింగ్ నేర్పేవాడిగా నాకు ఇది చాలా పెద్ద విషయం. ఎంతో గొప్ప కవిత్వం ఉన్న పాటలు కూడా నలుగురు కలిసి పాడితే ముద్దముద్దగా అయిపోతుంటాయి. ఇది మాత్రం పదిమంది పాడినా, పదివేలమంది పాడినా మాట మాటా విడిగా వినిపిస్తుంది.

మరి అర్థం? మీరు చెప్పింది నిజమే. చరణాల్లో ‘నాకు అలాగే కావాలి’ అని మురిపెంగా అంటాడు, పల్లవికి వచ్చేసరికి అదే మాట ‘నీ నోట ఎప్పుడూ వినకూడదు’ అంటాడు. అలాగే అంటే ఎలాగ? మీకే కాదు, రికార్డు కంపెనీ వాళ్లకి కూడా అప్పట్లో ఇదే సందేహం వచ్చింది. మాటలు మార్చి ఇంకో వెర్షన్ రాయించారు. ‘నో గుడ్‌బైస్’ అని వెతికితే ఇప్పటికీ దొరుకుతుంది, అదే బాణీ, అవే గొంతులు, పల్లవిలో మాటలు మాత్రం వేరు. అందులో కథ సాఫీగా ఉంటుంది, ప్రియురాలు ఆ మాట అంటే వినడం తనకిష్టం అని అబ్బాయి చెప్తాడు, ఎక్కడా తిరకాసు లేదు. బ్యాండ్ రెండూ పాడి రికార్డు చేసింది. ఆ తర్వాత ఐదుగురూ కూర్చుని మొదటిదే ఉంచాలని పట్టుబట్టారు.

నా దృష్టిలో వాళ్ల కెరీర్‌లో తీసుకున్న అతి మంచి సంగీత నిర్ణయం అది. రెండు వెర్షన్లూ వెంటవెంటనే వింటే ఎందుకో మీకే తెలుస్తుంది. ‘నో గుడ్‌బైస్’లో పల్లవి ఒట్టి సంతోషం. కానీ బాణీ మైనర్ ఛాయలో నడుస్తోంది, కింద నుంచి దిగులు వినిపిస్తూనే ఉంది, దాని మీద సంతోషం మాటలు పెడితే అతకవు. మొదటి వెర్షన్‌లో ఒక మనిషి ప్రేమిస్తున్నానంటాడు, దూరమైపోయామంటాడు, కారణం చెప్పమంటాడు, మళ్లీ వద్దు వినలేనంటాడు. విడిపోయే ముందు మనుషులు మాట్లాడేది అచ్చంగా ఇలాగే ఉంటుంది, ఒక వాక్యానికీ ఇంకో వాక్యానికీ పొంతన ఉండదు. రాసినవాళ్లు ఇదంతా ఆలోచించి చేశారని నేను అనడం లేదు. దీనికి పెద్దగా అర్థం లేదని కెవిన్ తర్వాత ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు కూడా. కానీ పాడేవాళ్లకి ఏ మాటలు ఆ స్వరాల మీద నిజంగా కూర్చుంటాయో తెలిసింది, తెలిసి గట్టిగా నిలబడ్డారు. పాతికేళ్లు కూడా లేని కుర్రాళ్లు కొందరు ఉన్న బృందం, ఇంత పెద్ద ఆల్బమ్‌లో మొదటి సింగిల్ విషయంలో కంపెనీకి ఎదురు చెప్పడం చిన్న సంగతి కాదు.

పాట కట్టడం గురించి కూడా కాస్త చెప్పాలి, ఎందుకంటే విమర్శించేవాళ్లు ఎవరూ ఇక్కడిదాకా రారు. మొత్తం పాట మూడున్నర నిమిషాలు. గిటార్ మీటుతో మొదలవుతుంది, ఎఫ్ షార్ప్ మైనర్, డి, ఏ అని మూడు కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు) తిరుగుతుంటాయి. అంటే ప్రతి వరసా మైనర్‌లో మొదలై ఏ మేజర్‌లో కాలు మోపుతుంది, దిగులు, తర్వాత ఊరట, మళ్లీ దిగులు. వేగం నిమిషానికి 99 బీట్లు. బాలడ్ (నెమ్మదిగా సాగే ప్రేమ పాట) అంటారు గానీ నిజానికి నిద్రపుచ్చే వేగం కాదు, నడుస్తున్న వేగం. మొదటి చరణం బ్రయాన్ ఒక్కడే పాడతాడు, చాలా తక్కువ మాటలతో, మాటకీ మాటకీ మధ్య బోలెడు ఖాళీతో. తర్వాత ఒక్కొక్కరుగా మిగతావాళ్లు అందుకుంటారు. పల్లవిలో గుంపంతా ‘టెల్ మీ వై’ అని అడుగుతుంది, ఒక్క గొంతు జవాబిస్తుంది. మన భజనల్లో ఒకరు అంటే అందరూ అందుకున్నట్టు, ఇక్కడ అందరూ అడిగితే ఒకరు అందుకుంటారు. విన్నవాడికి తన వంతు ఎక్కడ వస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

బ్రిడ్జ్ దగ్గర, అంటే చివరి పల్లవికి ముందు బాణీ మారే ముక్కలో, కెవిన్ లోతు గొంతు వస్తుంది, అప్పటిదాకా ఒక్కడిగా వినిపించని గొంతు అది. ఆ వెంటనే హోవీ సన్నటి గొంతు. ఆ తర్వాత వాయిద్యాలు తగ్గి, నిక్ ఒక లైన్‌ని పైకి లాగి వదులుతాడు, అక్కడే స్కేల్ ఏ నుంచి బికి ఎక్కుతుంది. రెండు సెమీటోన్లే (కీబోర్డ్ మీద రెండు మెట్లు), కానీ దానికోసం రెండు నిమిషాలకి పైగా ఓపిక పట్టారు. ఈ స్కేల్ మార్పుని చవకబారు ఎత్తుగడ అని కొందరంటారు. చాలా పాటల్లో అది నిజమే, చేసేదేమీ లేక స్కేల్ మారుస్తారు. ఇక్కడ మాత్రం వద్దు వినలేను అనే లైన్ దగ్గర పాడేవాడి గొంతు నిజంగా శ్రమపడాల్సి వస్తుంది, ఆ శ్రమ బాధలా వినిపిస్తుంది. సందర్భానికి తగిన మార్పు అని నేను అంటాను.

ఇప్పుడు ఆరో స్థానం సంగతి. పాట 1999 ఏప్రిల్‌లో వచ్చింది, బిల్‌బోర్డ్ హాట్ 100లో అత్యధికంగా 6 దాకా వెళ్లింది. ఇది చూసి ‘అంత పెద్ద హిట్ ఏమీ కాదు’ అనేవాళ్లు ఒక విషయం మర్చిపోతారు. అప్పట్లో ఆ చార్టు రెండు లెక్కల మీద నడిచేది, రేడియోలో ఎంత వినిపించింది, సింగిల్‌గా షాపుల్లో ఎంత అమ్ముడుపోయింది. 90ల చివర్లో అమెరికా కంపెనీలు పెద్ద హిట్లని విడి సింగిల్‌గా అమ్మడం కావాలని ఆపేశాయి. ఒక్క పాట కోసం కూడా ఆల్బమ్ మొత్తం కొనాల్సిందే. అంతకుముందైతే షాపులో సింగిల్ లేని పాటకి ఆ చార్టులో చోటే లేదు, అందుకే నో డౌట్ బ్యాండ్ ‘డోంట్ స్పీక్’ రేడియో చార్టులో 16 వారాలు మొదటి స్థానంలో ఉండి కూడా హాట్ 100లో కనిపించలేదు. 1998 డిసెంబర్‌లో ఆ రూల్ మారింది కాబట్టి మన పాటకి చోటు దొరికింది, కానీ అమెరికాలో సింగిల్ అమ్మకాలు లేకుండా, రేడియో బలం ఒక్కదానితోనే. ఆ ఆరుని ఆ దృష్టితో చూడాలి. రేడియోకి సంబంధించిన కొన్ని చార్టుల్లో, పెద్దవాళ్లు వినే అడల్ట్ కాంటెంపరరీ చార్టుతో సహా, ఇది మొదటి స్థానానికి వెళ్లింది.

కంపెనీ వేసిన లెక్క తప్పలేదు కూడా. మే 18న ‘మిలేనియం’ వచ్చింది, మొదటి వారంలోనే అమెరికాలో 11 లక్షల 30 వేలకి పైగా కాపీలు పోయాయి. అంతకుముందు రికార్డు కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్‌ది, దాన్ని దాటేసింది. (మరుసటి ఏడాది ఎన్‌సింక్ అనే ఇంకో బాయ్ బ్యాండ్ వచ్చి 24 లక్షలతో దీన్ని తుడిచిపెట్టింది, అది వేరే కథ.) 1999లో అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన ఆల్బమ్ ఇదే. సింగిల్ అమ్మి ఉంటే పాట నంబర్ వన్ అయ్యేదేమో, ఆల్బమ్ మాత్రం ఇంత పోయేది కాదు. బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్‌కి హాట్ 100లో ఇప్పటిదాకా ఒక్క నంబర్ వన్ కూడా లేదంటే చాలామంది నమ్మరు.

సింగిల్ అమ్మిన చోట ఏం జరిగిందో బ్రిటన్ చూస్తే తెలుస్తుంది. అక్కడ మే నెల మధ్యలో నేరుగా నంబర్ వన్. అక్కడ వాళ్లకి దక్కిన ఏకైక నంబర్ వన్ ఇదే. దీనికి ముందు ఆ స్థానంలో ఉన్నది వెస్ట్‌లైఫ్, దీని తర్వాత వచ్చింది బాయ్‌జోన్. వరసగా మూడు బాయ్ బ్యాండ్లు! ఆ రోజుల గాలి ఎలా ఉందో అర్థమవుతుంది కదా. జర్మనీలో కూడా మొదటి స్థానమే.

గ్రామీ రాలేదన్నారు. 2000 ఫిబ్రవరిలో జరిగిన గ్రామీల్లో ఈ పాట రికార్డ్ ఆఫ్ ది ఇయర్, సాంగ్ ఆఫ్ ది ఇయర్, పాప్ గ్రూప్ గానం, మూడింటికీ నామినేట్ అయింది. ఆల్బమ్ కూడా ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్‌కి. నాలుగూ గిటారిస్ట్ సంటానా ఆల్బమ్‌కీ, అందులోని పాటలకీ పోయాయి, ఆ ఏడాది ఆయన ముందు ఎవరు నిలబడ్డా ఓడిపోయేవాళ్లే. వీటిలో సాంగ్ ఆఫ్ ది ఇయర్ అనేది పాట రాసినవాళ్లకి ఇచ్చే అవార్డు. అర్థం లేని మాటలని అందరూ అన్న పాట, రచనకిచ్చే అవార్డు చివరి ఐదింటిలో నిలిచింది. ఓటు వేసినవాళ్లంతా సంగీతంలో ఉన్నవాళ్లు, వాళ్లకి ఏం వినిపించి ఉంటుందో మీరే ఆలోచించండి. జనం ఓటు వేసే ఎంటీవీ వ్యూయర్స్ చాయిస్ అయితే 1999లో దీనికే వచ్చింది.

అయితే ఆదరణ అంటే ఒట్టి చప్పట్లు కాదు, ఆ ఏడాది ఈ బృందం మీద ద్వేషం కూడా గట్టిగానే ఉండేది. ఆ జూలైలో జరిగిన వుడ్‌స్టాక్ ’99లో ఆఫ్‌స్ప్రింగ్ అనే రాక్ బ్యాండ్ వాళ్లు బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ బొమ్మలు స్టేజీ మీద నిలబెట్టి బ్యాట్‌తో కొట్టారు, కింద జనం కేరింతలు. బ్లింక్-182 అనే ఇంకో రాక్ బ్యాండ్ వాళ్లు ‘ఆల్ ద స్మాల్ థింగ్స్’ వీడియోలో ఈ పాట వీడియోలోని సీన్లని వెక్కిరించారు. ఎయిర్‌పోర్టు, తెల్ల బట్టలు, విమానం ముందు డాన్స్, అభిమానుల గుంపు, అవన్నీ అందులో ఉంటాయి. అసలు వీడియో తీసిన వేన్ ఐషమ్ మెటాలికా, బాన్ జోవీ లాంటి రాక్ బ్యాండ్లకి వీడియోలు తీసినవాడే. బ్లింక్-182ది సరదా, దాని మీద నాకు కోపం లేదు. కానీ ఆ రోజుల్లో పత్రికల్లో, రాక్ అభిమానుల్లో ఉన్న చులకన మాత్రం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఎందుకంటే చాలామంది పాటని విని తిట్టలేదు, దాన్ని ఎవరు వింటున్నారో చూసి తిట్టారు. పదమూడు పధ్నాలుగేళ్ల అమ్మాయిలు పోస్టర్లు అంటించుకుని ఏడుస్తూ వినే పాట గొప్పది ఎలా అవుతుంది, ఇదీ వాళ్ల వాదన. బీటిల్స్‌ని ముందు నెత్తికెత్తుకున్నది కూడా సరిగ్గా ఆ వయసు అమ్మాయిలే. మంచి బాణీని ఆ పిల్లలు చాలాసార్లు విమర్శకుల కన్నా ముందే పట్టుకుంటారు.

ఆ చులకన ఎక్కువ కాలం నిలబడలేదు కూడా. 2000లోనే సంగీత పత్రిక రోలింగ్ స్టోన్, ఎంటీవీ కలిసి వంద గొప్ప పాప్ పాటల లిస్టు వేస్తే ఇది పదో స్థానంలో ఉంది, అప్పటికి పాట వచ్చి రెండేళ్లు కూడా కాలేదు. 2021లో రోలింగ్ స్టోన్ తన 500 గొప్ప పాటల లిస్టుని కొత్తగా వేసినప్పుడు అందులోనూ దీనికి చోటిచ్చింది. అంటే ఇప్పటి గౌరవమంతా పెద్దయిన అభిమానులు తెచ్చిందే అనుకోవడం సరికాదు.

దాన్ని ఇప్పటి పిల్లల దాకా మోసుకొచ్చింది మాత్రం ఇంటర్నెట్. 2005 ప్రాంతంలో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఇద్దరు విద్యార్థులు హాస్టల్ గదిలో బాస్కెట్‌బాల్ జెర్సీలు వేసుకుని దీనికి పెదాలు కదుపుతూ వీడియో చేశారు, వెనక మూడోవాడు వీళ్లని పట్టించుకోకుండా తన కంప్యూటర్ చూసుకుంటుంటాడు. యూట్యూబ్ అప్పుడప్పుడే మొదలవుతున్న రోజుల్లో ప్రపంచమంతా చూసిన వీడియో అది. 2018లో ‘బ్రుక్లిన్ నైన్-నైన్’ అనే అమెరికన్ కామెడీ సీరియల్‌లో పోలీసు ఐదుగురు అనుమానితుల్ని వరసగా నిలబెట్టి తలా ఒక లైన్ పాడిస్తాడు. నేరస్తుడు ఆ పాట పాడటం సాక్షి విన్నదట, గొంతు గుర్తుపట్టాలి. రెండు లైన్లు కాగానే పోలీసు అసలు పని మర్చిపోయి పాటలో మునిగిపోతాడు. మీ కాలేజీ పిల్లల్లో సగంమందికి ఈ పాట అక్కణ్ణుంచే తెలిసి ఉంటుంది. ఆ సీన్ ఈ పాటతోనే ఎందుకు పండిందో చూడండి. ఐదుగురికి ఐదు ముక్కలుగా పంచి కట్టిన పాట, ఏ ముక్క ఎవరి నోట వచ్చినా జనం గుర్తుపడతారు. అదే ఏడాది అమెరికన్ మోడల్ క్రిస్సీ టీగన్ ట్విట్టర్‌లో ఆ మాటల గందరగోళం గురించి అడిగితే బ్యాండే స్వయంగా జవాబిచ్చి వివరించే ప్రయత్నం చేసింది. అర్థం తేలకపోవడం కూడా జనం మళ్లీ మళ్లీ మాట్లాడుకునే సరుకైపోయింది.

మన వైపు సంగతి. కేబుల్ టీవీలో ఎంటీవీ, ఛానల్ వీ వచ్చే ఇళ్లలో, హైదరాబాద్, వైజాగ్ లాంటి ఊళ్ల కాలేజీ కల్చరల్స్‌లో, క్యాసెట్ల మీద ఈ పాట తిరిగింది. వెస్టర్న్ గ్రూప్ సాంగ్ పోటీ అంటే ఇది ఒక టీమైనా పాడి తీరేది. ముంబైలో 2001లో ‘ఎ బ్యాండ్ ఆఫ్ బాయ్స్’ అని హిందీ బాయ్ బ్యాండ్ పుట్టడం కూడా ఈ గాలి వల్లే. ఆ వై2కే రోజుల్లో అమెరికాకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి వెళ్లిన తెలుగు కుటుంబాల పిల్లలకైతే ఇది స్కూల్ బస్సులో విన్న పాట. 2023 మే నెలలో బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ ముంబైలో, గురుగ్రామ్‌లో కచేరీలు చేశారు. 2025లో లాస్ వేగాస్‌లోని స్ఫియర్ అనే వేదికలో ఈ ‘మిలేనియం’ ఆల్బమ్ పేరు మీదే వరస కచేరీలు పెట్టారు. ఇందులో జ్ఞాపకాల వ్యాపారం ఉంది, తప్పకుండా ఉంది. కానీ జ్ఞాపకాలతోనే నిలిచేదైతే ఆ ఏడాది వచ్చిన హిట్లన్నీ నిలవాలి. ఆ మేలో బ్రిటన్‌లో దీని ముందూ వెనకా నంబర్ వన్ అయిన పాటల్ని మీ క్లాసులో ఎంతమంది పాడగలరో అడిగి చూడండి.

సరే, స్టేజీ ఎక్కేముందు నాలుగు మాటలు. మీరు నలుగురు, పాట ఐదుగురిది. కెవిన్ భాగాన్ని తీసేయడం చాలా టీములు చేసే పని, దయచేసి చేయకండి, బ్రిడ్జ్‌లో ఆ లోతు గొంతు లేకపోతే తర్వాత వచ్చే ఎత్తుకి బలం ఉండదు. మొదటి చరణం పాడినవాడికే, అంతవరకు గొంతు అలసిపోదు కాబట్టి, బ్రిడ్జ్ ఇచ్చి కాస్త కింది స్థాయిలో పాడించొచ్చు. కరోకే ట్రాక్ అయితే ఒరిజినల్ ఏ మేజర్‌లో వస్తుంది, చివరి పల్లవి బికి ఎక్కేసరికి మామూలు గొంతులు పట్టేస్తాయి. ట్రాక్‌ని రెండు సెమీటోన్లు దించి జి మేజర్‌లో మొదలుపెట్టండి, చివరికి ఏ మేజర్‌లో హాయిగా ముగుస్తుంది. స్కేల్ మార్పు కష్టమని చెప్పి దాన్ని మాత్రం ఎగరగొట్టొద్దు. ‘టెల్ మీ వై’ అన్నప్పుడు అందరూ ఒకే స్వరం పాడేస్తే చప్పగా ఉంటుంది, కనీసం ఒకరు దానికి పైన హార్మనీ (తోడుగా పలికే వేరే స్వరం) పట్టండి, ముందు పియానో మీద ఆ ఒక్క స్వరాన్నే వాయించుకుని విడిగా సాధన చేస్తే వచ్చేస్తుంది. మొదటి చరణంలో ఖాళీలుంటాయి కదా, అక్కడ కంగారుపడి ఊ అనీ ఓ అనీ నింపకండి, బ్రయాన్ నింపలేదు. మాటల అర్థం గురించి టెన్షన్ అక్కర్లేదు, కానీ ‘హార్టేక్’లో ‘ఏ’ని మాత్రం అందరూ ఒకేలా, ఒకే పొడవు పలకాలి, ముందు రోజు రాత్రి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి, ఎవరిది తేడాగా ఉందో అక్కడే దొరికిపోతుంది.